కిటికీ అద్దం మీద దిద్దిన సంతకం

ప్రోనోటు దావాలతో బతికే ప్లీడర్‌ని నేను. తెనాలి సివిల్ కోర్టులో నా ముందుకొచ్చే ఫైళ్ళలో చాలావరకు ఒక్క మాట మీదే నడుస్తాయి: "ఆ సంతకం నాది కాదండీ." అందుకేనేమో పొగమంచు లండన్, గుర్రబ్బండ్లు, భూతద్దం పట్టుకున్న డిటెక్టివ్‌లు ఉండే కథలు నాకు పెద్దగా ఎక్కవు. వాటిలో హంతకుడు దొరకగానే కథ అయిపోతుంది. అసలు కేసుల్లో గొడవ అక్కడే మొదలవుతుంది కదా.

విక్టోరియా రాణి కాలంలో నిజంగా జరిగిన కేసు ఒకటి ఉంది. హత్యతో మొదలవుతుంది. మధ్యలో గూఢచారి వస్తాడు, దొంగ ఉత్తరాలు వస్తాయి. చివరికి లండన్ శివార్లలో ఒక పెద్దింటి ఆవిడ గుమ్మం దగ్గర తేలుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్ నేర్చుకునే ప్రతి జూనియర్‌కీ ఇందులో ఒక ముక్క తెలిసే ఉంటుంది, ఆ స్పెల్లింగ్ తప్పు సంగతి. మిగతాది ఎవరూ చదవరు. నాకు ఆ మిగతాదే ఇష్టం.

1882 మే 6, శనివారం, డబ్లిన్. ఐర్లండ్ అంతా బ్రిటిష్ పాలనలో ఉంది. ఐర్లండ్ వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రిని చీఫ్ సెక్రటరీ అంటారు. ఆ పదవిలోకి కొత్తగా వచ్చిన లార్డ్ ఫ్రెడరిక్ కావెండిష్ ఆ రోజే ఊళ్ళో దిగి ప్రమాణం చేశాడు. ఆయన భార్య లూసీ, ప్రధాని గ్లాడ్‌స్టన్ భార్యకి సొంత చెల్లెలి కూతురు. మన వరసల్లో చెప్పాలంటే కావెండిష్ ప్రధానికి అల్లుడే. సాయంత్రం ఫీనిక్స్ పార్కులో వైస్రాయ్ బంగళా వైపు నడిచి వెళ్తుంటే, ప్రభుత్వ యంత్రాంగాన్ని ఏళ్ళుగా నడిపిస్తున్న అండర్ సెక్రటరీ థామస్ బర్క్ బండిలో వస్తూ ఈయన్ని చూసి దిగి, కూడా నడవడం మొదలుపెట్టాడు. ఆ దిగడమే కావెండిష్ ప్రాణం తీసింది. కాపు కాసినవాళ్ళకి కావలసింది బర్క్ ఒక్కడే. పక్కనున్న మనిషి ఎవరో కూడా వాళ్ళకి తెలియదు. ఆపరేషన్లకి వాడే పొడుగాటి కత్తులతో ఇద్దర్నీ పొడిచేసి గుర్రబ్బండెక్కి వెళ్ళిపోయారు. వైస్రాయ్ బంగళాకి కనుచూపు మేరలో, ఇంకా వెలుతురు ఉండగానే.

చేసింది "ఇన్విన్సిబుల్స్" అనే చిన్న రహస్య ముఠా. పట్టుకున్నది డబ్లిన్ పోలీసుల డిటెక్టివ్ విభాగం, జీ డివిజన్, సూపరింటెండెంట్ జాన్ మాలన్. భూతద్దాలు, బూటు గుర్తుల లాంటివి ఈయన దగ్గర లేవు. ఊళ్ళో ఎవరు ఎవరితో కూర్చుంటారో తెలుసు, ఓపిక ఉంది. అప్పుడే వచ్చిన కొత్త చట్టం కింద జాన్ అడై కరన్ అనే మేజిస్ట్రేట్ అనుమానితుల్ని రహస్యంగా పిలిచి ప్రమాణం చేయించి అడగడం మొదలుపెట్టాడు. 1883 జనవరిలో అరెస్టులయ్యాయి. వాళ్ళలో జేమ్స్ కేరీ ఒకడు. ఇళ్ళు కట్టించే మేస్త్రీ, టౌన్ కౌన్సిలర్, చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళే మనిషి. పార్కులో తెల్ల రుమాలు ఊపి సైగ చేసింది ఆయనే. పక్క గదిలోకి అధికారులు అస్తమానం వెళ్ళి వస్తున్నట్టు నటించి, నీ తోటివాడు అప్పుడే అన్నీ చెప్పేస్తున్నాడని కేరీ అనుకునేలా మాలన్ చేశాడంటారు. ఆ ముక్క కథో నిజమో గానీ, కేరీ మాత్రం అప్రూవర్‌గా మారాడు. అతని సాక్ష్యం మీద ఐదుగురిని కిల్‌మైన్‌హామ్ జైల్లో ఉరి తీశారు. టిమ్ కెల్లీ అనే కుర్రాడి విషయంలో రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. మూడోసారి విచారించి మరీ ఉరివేశారు. అప్రూవర్లతో పని పడ్డ ఏ ప్లీడర్‌కైనా ఆ మూడో విచారణ దగ్గర కడుపులో దేవినట్టే ఉంటుంది.

కేరీకి ప్రభుత్వం పవర్ అని పేరు మార్చి, భార్యాపిల్లలతో సహా ఓడెక్కించి దక్షిణాఫ్రికాకి పంపింది. జూలై 29న, కేప్‌టౌన్ దాటాక మెల్‌రోజ్ అనే చిన్న ఓడలో, దారిలో స్నేహం చేసిన పాట్రిక్ ఓ'డొనెల్ అనే తోటి ప్రయాణికుడు అతన్ని కాల్చి చంపాడు. ఓ'డొనెల్‌ని ఆ డిసెంబర్‌లో లండన్ న్యూగేట్ జైల్లో ఉరి తీశారు. హత్య కేసు మూసేశారు.

ఇప్పుడు పార్నెల్ దగ్గరికి వద్దాం. చార్ల్స్ స్టూవర్ట్ పార్నెల్ బ్రిటిష్ పార్లమెంటులో ఐరిష్ పార్టీ నాయకుడు. స్వయంగా భూస్వామి అయ్యుండి కౌలు రైతుల పక్షాన నిలబడ్డవాడు. పార్కులో హత్యలు జరగడానికి నాలుగు రోజుల ముందే కిల్‌మైన్‌హామ్ జైలు నుంచి బయటికొచ్చాడు. ప్రభుత్వంతో రాజీ కుదిరి వదిలారన్నమాట. హత్యల వార్త విని బాగా కుంగిపోయి, రాజకీయాలనుంచే తప్పుకుంటానని గ్లాడ్‌స్టన్‌కి కబురు పెట్టాడు. గ్లాడ్‌స్టన్ వద్దన్నాడు.

ఐదేళ్ళు గడిచాయి. ఐర్లండ్ మీద కొత్త అణచివేత చట్టం బిల్లు పార్లమెంటులో ఓటుకి రావలసిన రోజు, 1887 ఏప్రిల్ 18, పొద్దున్నే టైమ్స్ పత్రికలో పార్నెల్ ఉత్తరం ఒకటి అచ్చయింది. మామూలు అచ్చు కాదు, చేతిరాత ఉన్నది ఉన్నట్టుగా కనిపించే నకలు. తేదీ 1882 మే 15. సారాంశం ఇది: కావెండిష్ చనిపోయినందుకు నాకు బాధగా ఉంది గానీ, బర్క్‌కి తగిన శాస్తే జరిగింది. ఉత్తరం ఒకరి చేతిరాతలో ఉంది, కింద సంతకం మాత్రం పార్నెల్‌ది. మా కోర్టు మనుషులకి ఇక్కడే ముక్కుకి వాసన తగులుతుంది. ఒంట్లో ఒక చెయ్యి, సంతకంలో ఇంకో చెయ్యి ఉన్న కాగితం ఎప్పుడూ కాస్త ఆగి చూడాల్సిందే.

అంత పెద్ద పత్రిక ఆగలేదు. ఐరిష్ స్వపరిపాలన అంటే వాళ్ళకి గిట్టదు. నమ్మాలనుకున్నది చేతికొచ్చింది, నమ్మేశారు. ఉత్తరాలు తెచ్చింది హ్యూస్టన్ అనే కుర్రాడు, ఆ స్వపరిపాలనని వ్యతిరేకించే సంఘానికి కార్యదర్శి. అతనికి అమ్మింది రిచర్డ్ పిగాట్. డబ్లిన్‌లో పత్రికలు నడిపి అప్పులపాలై, వాటిని పార్నెల్ మనుషులకే అమ్ముకుని, ఆ తర్వాత దొరికిన ప్రతివాడి దగ్గరా డబ్బడిగి బతుకుతున్న మనిషి. పార్నెల్‌కి వ్యతిరేకంగా సాక్ష్యాలు వెతికి పెట్టమని హ్యూస్టన్ అతనికి రోజుకి ఒక గినీ (పౌండు కంటే కాస్త ఎక్కువ), పైన ప్రయాణం ఖర్చులు ఇచ్చాడు. రోజు కూలికి సాక్ష్యం వెతకమంటే సాక్ష్యం దొరక్క ఏమవుతుంది? పారిస్‌లో నల్ల సంచిలో దొరికాయని చెప్పి ఉత్తరాలు తెచ్చి పెట్టాడు.

ప్రభుత్వం ముగ్గురు జడ్జీలతో ప్రత్యేక కమిషన్ వేసింది. 1888 అక్టోబర్‌లో విచారణ మొదలైంది, మొత్తం 128 రోజులు కూర్చున్నారు. పార్నెల్ తరఫున సర్ చార్ల్స్ రస్సెల్, ఆయన జూనియర్‌గా తర్వాత ప్రధాని అయిన ఆస్క్విత్. వెనక కాగితాలన్నీ చూసుకున్నది జార్జ్ లూయిస్ అనే సొలిసిటర్. లండన్ గొప్పిళ్ళలో ఎవరి గుట్టు చూసినా ఈయన ఇనప్పెట్టెలోనే ఉంటుందని పేరు. అన్ని రహస్యాలు తెలిసీ చివరిదాకా జ్ఞాపకాలు రాయలేదు. ప్లీడర్‌గా నేను దండం పెట్టే మనిషి రస్సెల్ కంటే ఈయనే.

1889 ఫిబ్రవరి 5న టైమ్స్ తరఫున ఒక కొత్త సాక్షి బోనెక్కాడు. అమెరికాలోని ఐరిష్ విప్లవకారులందరికీ అతను మేజర్ హెన్రీ లె కారన్, ఫ్రెంచి రక్తం ఉన్న డాక్టరు, తమ రహస్య సంఘంలో ముఖ్యుడు. బోనెక్కి తన పేరు థామస్ బీచ్ అని, ఇంగ్లండ్‌లో కోల్‌చెస్టర్ వాడినని, ఇరవై ఏళ్ళకి పైగా బ్రిటిష్ ప్రభుత్వానికి గూఢచారినని చెప్పాడు. అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసి, అక్కడ ఐరిష్ సైనికుల మధ్య దూరి, వాళ్ళ ప్రమాణాలన్నీ చేసి, వాళ్ళ ఉత్తరాలన్నీ లండన్‌కి పంపిన మనిషి. 1881లో పార్లమెంటు నడవాలో పార్నెల్‌ని కలిశానని, ఆయన తనతో సాయుధ పోరాటం గురించి మాట్లాడాడని చెప్పాడు. రస్సెల్ అంతటివాడు ఎంత గుచ్చినా ఇతను కదల్లేదు. వృత్తిరీత్యా అబద్ధంలో బతికినవాడు బోనులో అంత నిబ్బరంగా ఉండటం చదివినప్పుడల్లా నాకు కాస్త భయమేస్తుంది. అతని రిపోర్టులు లండన్‌లో అందుకున్నది రాబర్ట్ ఆండర్సన్ అనే అధికారి. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

రెండు వారాల తర్వాత పిగాట్ వచ్చాడు. తెల్ల గడ్డం, గుండ్రటి ముఖం, కంటికి కళ్ళద్దం. ఫిబ్రవరి 21న రస్సెల్ క్రాస్ మొదలుపెడుతూనే ఒక తెల్లకాగితం అందించి కొన్ని మాటలు రాయమన్నాడు. జీవనోపాధి, మతమార్పిడి లాంటి ఇంగ్లిష్ మాటలు కొన్ని, అతని పేరు, పాట్రిక్ ఈగన్ అనే పేరు. అవి రాశాక, ఇంకొక్క మాట, చిన్న 'హెచ్'తో, "హెసిటెన్సీ" అన్నాడు. పిగాట్ రాశాడు. ఇంగ్లిష్ 'ఏ' (a) ఉండాల్సిన చోట 'ఈ' (e) రాశాడు. పార్నెల్ రాశాడని చెబుతున్న ఉత్తరాల్లో ఒకదానిలో సరిగ్గా అదే మాట, అదే తప్పుతో ఉంది. ఈ తప్పుని ముందు పట్టుకున్నది అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో ఉంటున్న ఈగన్, పార్నెల్ పాత సహచరుడు. టైమ్స్ అచ్చేసిన ఉత్తరాల్ని, తనకి పిగాట్ గతంలో రాసిన ఉత్తరాల పక్కన పెట్టి చూసుకుని లండన్‌కి కబురు పంపాడు. నా ఉద్దేశంలో ఈ కేసులో అసలు డిటెక్టివ్ ఆయనే.

మన దగ్గర ఇది రస్సెల్ చేసిన గారడీగా చెప్పుకుంటారు. 2024 జూలైలో కొత్త చట్టం వచ్చేదాకా ఉన్న మన పాత సాక్ష్య చట్టం 73వ సెక్షన్ చదివేటప్పుడు కూడా ఎవరో ఒకరు ఈ ముచ్చట తెచ్చేవారు, కోర్టులో ఉన్న మనిషిని కొన్ని మాటలు రాయమని జడ్జి ఆదేశించొచ్చు అన్న సెక్షన్ అది. కానీ ఆ రోజు రస్సెల్ ఏం చేశాడో చూడండి. కాగితం తీసుకున్నాడు, పక్కన పెట్టాడు, దాని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేరుగా వేరే ఉత్తరానికి వెళ్ళిపోయాడు. 1887 మార్చిలో టైమ్స్‌లో పార్నెల్ మీద వ్యాసాలు మొదలవడానికి మూడు రోజుల ముందు, పార్నెల్ మీద ఏదో కుట్ర జరుగుతోందని, దాన్ని ఎలా ఆపాలో నాకు తెలుసని పిగాట్ డబ్లిన్ ఆర్చిబిషప్ వాల్ష్‌కి రాసిన ఉత్తరం అది. ఆ ఉత్తరాలు నిజమైనవని నమ్మే అమ్మినవాడివి, వాటిని ఆపే మార్గం నీకెలా తెలుసు? అక్కడ పిగాట్ నోరు పెగల్లేదు. మర్నాడు పాత చీఫ్ సెక్రటరీ ఫోర్‌స్టర్‌కి డబ్బు కోసం రాసిన బతిమాలుడు ఉత్తరాలన్నీ చదివించాడు. కోర్టు హాలంతా నవ్వులు. స్పెల్లింగ్ సంగతి తీసేసరికి పిగాట్‌లో మిగిలిందేమీ లేదు. ఈ తప్పు గురించి జనం మాట్లాడుకోవడం విని అదే మనసులో పడిపోయిందన్నట్టు ఏదో సర్దిచెప్పబోయాడు. జూనియర్లు స్పెల్లింగ్ దగ్గర చప్పట్లు కొడతారు. నేను ఆర్చిబిషప్ ఉత్తరం దగ్గర కొడతాను. ఒక అక్షరం తప్పుని పది రకాలుగా సమర్థించుకోవచ్చు, తన చేత్తో రాసి సంతకం పెట్టిన బేరాన్ని సమర్థించుకోలేడు.

శనివారం పిగాట్ తనంతట తానే ఎంపీ లాబుషేర్ ఇంటికి వెళ్ళి, జర్నలిస్టు జార్జ్ ఆగస్టస్ సాలా ఎదురుగా అంతా ఒప్పుకుని సంతకం పెట్టాడు. ఈ సంతకం మాత్రం అసలుదే. ఈగన్, పార్నెల్ పత్రికల బేరం సందర్భంగా తనకి రాసిన పాత ఉత్తరాల మీద పల్చటి కాగితం పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి, వెలుతురులో దిద్దానని చెప్పాడు. ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. మా దగ్గర ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి చేసే పని కూడా అచ్చం ఇదే. అలా దిద్దిన గీతలో పరుగు ఉండదు. చెయ్యి ప్రతి మలుపు దగ్గరా ఆగి చూసుకుంటుంది, ఆగిన చోటల్లా సిరా చిక్కగా పడుతుంది. సొంత సంతకం అలా ఎవరూ పెట్టరు.

మంగళవారం కోర్టు తలుపులు తీసేసరికి సాక్షి లేడు. పారిస్ మీదుగా మాడ్రిడ్ వెళ్ళి, రోలండ్ పాన్సన్‌బీ అని పేరు మార్చుకుని హోటల్లో దిగాడు. డబ్బు లేక, టైమ్స్ తరఫు లాయర్ల మనిషికే టెలిగ్రామ్ ఇచ్చాడు. దాంతో ఆచూకీ దొరికింది. మార్చి 1న పోలీసులు గదికి వస్తే రివాల్వర్‌తో కాల్చుకున్నాడు. అదే రోజు లండన్‌లో పార్నెల్ పార్లమెంటులోకి నడిచి వస్తే, గ్లాడ్‌స్టన్‌తో సహా ప్రతిపక్షమంతా లేచి నిలబడింది. పిగాట్ పిల్లలు తల్లీ తండ్రీ లేనివాళ్ళయ్యారు, వాళ్ళ గురించి ఎక్కడా నాలుగు ముక్కలు కూడా రాయరు.

టైమ్స్ పార్నెల్‌కి 5,000 పౌండ్లు ఇచ్చి పరువు నష్టం దావా రాజీ చేసుకుంది. కమిషన్ కోసం ఆ పత్రికకి అయిన ఖర్చు రెండు లక్షల పౌండ్లు పైమాటే అంటారు.

పార్నెల్‌ని హంతకుడిగా చూపించే కాగితం ఇలా చిరిగిపోయింది. కానీ పది నెలల్లో ఇంకో కాగితం వచ్చింది. 1889 డిసెంబర్ 24న కెప్టెన్ విలియం ఓ'షే విడాకుల దావా వేశాడు, తన భార్య కేథరిన్‌తో పార్నెల్‌కి సంబంధం ఉందని. ఈసారి కాగితంలో ఉన్నది నిజం.

కేథరిన్ మామూలు ఇంటి మనిషి కాదు. తండ్రి బారొనెట్ (వంశపారంపర్యంగా వచ్చే సర్ బిరుదు), అన్న ఎవెలిన్ వుడ్ విక్టోరియా క్రాస్ వచ్చిన జనరల్. పార్నెల్‌తో పరిచయం 1880లో. అప్పటికే భర్త వేరుగా ఉంటున్నాడు. 1882 ఫిబ్రవరిలో, పార్నెల్ జైల్లో ఉండగా, వాళ్ళిద్దరికీ ఆడపిల్ల పుట్టింది. పెరోల్ మీద బయటికి వచ్చినప్పుడు, లండన్ శివార్లలో కేథరిన్ ఉండే ఎల్తమ్‌లో ఆ పిల్లని చూసుకున్నాడు. ఏప్రిల్‌లో ఆ పసిది పోయింది. ఫీనిక్స్ పార్కులో కత్తులు దూసింది ఆ తర్వాత కొద్ది రోజులకే. అన్నిటికంటే ఘోరం, ఆ జైలు రాజీ మాటలు మధ్యలో ఉండి నడిపింది ఈ కెప్టెన్ ఓ'షేనే. కమిషన్ ముందుకొచ్చి ఆ దొంగ సంతకం పార్నెల్‌దిలాగే ఉందని చెప్పినవాడూ ఇతనే.

మరి ఇన్నేళ్ళూ భర్త ఎందుకు ఊరుకున్నాడు? సివిల్ ప్లీడర్‌ని అడిగితే వెంటనే చెబుతారు, వీలునామా. కేథరిన్‌ని పోషిస్తున్నది తొంభై దాటిన పెద్దమ్మ వరస ముసలావిడ, ఆంట్ బెన్. ఎల్తమ్ ఇల్లు ఆవిడదే. గొడవ బయటపడితే ఆస్తి పోతుంది. 1889 మేలో ఆవిడ పోయింది. ఆస్తంతా కేథరిన్ పేరే రాసింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు వీలునామా చెల్లదని కోర్టుకెక్కారు. ఓ'షేకి చేతికి ఏమీ రాలేదు. ఇరవై వేల పౌండ్లు చేతిలో పెడితే దావా వెనక్కి తీసుకునేవాడని కేథరిన్ తర్వాత చెప్పింది, ఆ డబ్బు ఆమె దగ్గర అప్పుడు లేదు.

దావాలో వీళ్ళు పోటీ చెయ్యలేదు. 1890 నవంబర్‌లో రెండు రోజుల్లో ముగిసింది. ఎదురు ప్రశ్న వెయ్యడానికి ఎవరూ లేకపోవడంతో సాక్షులు చెప్పిందంతా రికార్డయింది. భర్త వచ్చినప్పుడు పార్నెల్ నిప్పు ప్రమాదాల కోసం పెట్టిన తాళ్ళ నిచ్చెన మీదుగా దిగి, ముందు గుమ్మంలోకి వచ్చి తలుపు కొట్టాడని వంటమనిషి చెప్పింది. అది నిజమో కాదో గానీ లండన్ అంతా నవ్వింది. తాళ్ళ నిచ్చెన బొమ్మలు వీధుల్లో అమ్మారు. క్రాస్ లేని సాక్ష్యం ఎంత పని చేస్తుందో చూడండి, అదే రస్సెల్ ఉండుంటే ఆవిడని ఆ ఇంటి కొలతలు అడిగేవాడు. డిసెంబర్ 6న ఐరిష్ పార్టీ రెండుగా చీలింది. 1891 జూన్‌లో పార్నెల్, కేథరిన్ పెళ్ళి చేసుకున్నారు. అక్టోబర్ 6న ఆయన పోయాడు. 45 ఏళ్ళు.

నాకు మింగుడుపడని సంగతి ఒకటే. ఆ గుట్టు నిజానికి గుట్టే కాదు. పార్కు హత్యలు జరిగిన ఆ 1882 మేలోనే హోం సెక్రటరీ హార్‌కోర్ట్ ఈ సంబంధం గురించి కేబినెట్‌లో చెప్పాడు. పోలీసులు పార్నెల్ వెనక తిరిగారు కాబట్టి ఎవరింటికి వెళ్తున్నాడో వాళ్ళకి తెలుసు. గ్లాడ్‌స్టన్ పార్నెల్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు చాలావరకు కేథరిన్ ద్వారానే నడిపాడు. 1886లో ఎల్తమ్ దగ్గర పార్నెల్ బండి కూరగాయల బండిని గుద్దుకుంటే పత్రికలో కూడా వచ్చింది. ఎనిమిదేళ్ళు అందరికీ తెలుసు, అవసరం ఉన్నంతకాలం ఎవరికీ తెలియదు. కోర్టు ముద్ర పడిన మర్నాటి నుంచి మాత్రం ఆ మనిషితో కూర్చోవడం పాపమైపోయింది.

ఇక ఆండర్సన్. లె కారన్‌ని నడిపిన ఈ అధికారి 1888లో స్కాట్లండ్ యార్డు నేర పరిశోధన శాఖకి పెద్ద అయ్యాడు. లండన్‌లోని వైట్‌చాపెల్‌లో జాక్ ది రిప్పర్ వరస హత్యలు జరుగుతున్న రోజులవి. సర్ బిరుదు తీసుకుని, రిటైరై, 1910లో జ్ఞాపకాలు రాస్తూ మాట జారాడు: 1887లో పార్నెల్ మీద టైమ్స్‌లో వచ్చిన వ్యాసాల్లో కొన్ని తనే రాశానని. అంటే ప్రభుత్వ గూఢచారి రహస్య నివేదికలు చేతిలో ఉన్న ఉద్యోగి, పేరు పెట్టకుండా, ఒక రాజకీయ నాయకుడి మీద పత్రికకి రాశాడన్నమాట. పార్లమెంటులో గొడవైంది. ఐరిష్ సభ్యులు అతని పెన్షన్ ఆపమన్నారు. అప్పటి హోం సెక్రటరీ విన్‌స్టన్ చర్చిల్ లేచి ఆండర్సన్‌ని బాగానే చీవాట్లు పెట్టాడు. పెన్షన్ మాత్రం ఆపలేదు.